గేజీ గీత

సుభద్రాయమ్మగారు పిసినారి, అందులో మాటలేదు.
అయిదో తారీఖు పొద్దున్నే రిక్షా దిగి
పదిహేడు పోర్షన్లూ చెప్పులు తియ్యకుండా తిరిగేది.
మేకు కొడితే గోడకి నొప్పి అనేది.
కొళాయి కారుతోందంటే
కింద బిందె పెట్టుకో, మంచిదేగా అనేది.
అయినా ఆవిడతో దెబ్బలాడొచ్చు.
ఖాసింబీ ఓసారి దెబ్బలాడి గెలిచింది కూడా:
దొడ్డి మీదకి కొత్త రేకు, అద్దెలో రెండొందలు తగ్గింపు,
పైగా ఆకులో చుట్టిన నాలుగు పనసతొనలు.

ఆవిడ పోయాక పిల్లలు అమ్మేశారు.
కొన్నదెవరంటే ఫండు అన్నారు.
మనిషి పేరు చెప్పండి అన్నాం.
ఫండేనండి, ముంబైలో ఉంటుంది,
భీమవరంలో ఇలాంటి లైన్లు నలభై కొంది,
తణుకులో బేరమాడుతోంది అన్నారు.
నరసాపురంలో మా సందుకి
దానికి దారెవరు చెప్పారో!
మా మురుక్కాలవ దాకా రావడానికి
మునిసిపాలిటీకే ఇంకా దారి తెలీదు.

మూడువేల అయిదొందల అద్దె
ఫోనులో అయిదువేల తొమ్మిదొందలయింది.
కప్పు కారుతోందని నొక్కితే
మీ టికెట్టు నమోదైంది అని వచ్చింది.
సువార్తమ్మ కళ్లజోడు సర్దుకుని అడిగింది:
ఏ ఊరికే ఈ టికెట్టు?

నేను లేసు ఏజెంటుకి లెక్కలు రాస్తాను.
ఉండ దారం ఎంత, డజను పువ్వులు ఎంత,
సూది పట్టిన చేతికి మిగిలేదెంత, నాకు తెలుసు.
పువ్వుకి రూపాయిన్నర.
పెరిగిన అద్దెకి పదహారొందల పువ్వులు,
ఇంటికి, నెలకి, అదనంగా.
కొళాయి దగ్గర ఆ లెక్క పైకి చదివాను.
ఎవరూ మాట్లాడలేదు.
బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తియ్యలేదు.

అప్పుడు లేచాడు తిరుమాని బంగారయ్య,
ముప్ఫై నాలుగేళ్లు లాకుల మీద లస్కరు.
ఇప్పటికీ మాట్లాడుతుంటే చేతులు
లేని చక్రాన్ని తిప్పుతుంటాయి.
కాలవ మనది కాదు, నీరూ మనది కాదు,
షట్టరు దగ్గర నిలబడ్డవాడు మాత్రం మనవాడేగా.
అద్దె ఎగ్గొట్టొద్దు, లాకులో ఆపుదాం.
పాత అద్దె, పైసా తగ్గకుండా, ఒక్కచోట.
మనిషొచ్చి మాట్లాడిన రోజు ఎత్తుదాం.

బిస్కట్ల డబ్బా ఒకటి
ఖాసింబీ కుట్టుమిషను కిందకి చేరింది.
రెండో నెలకి అది చాలక
పోస్టాఫీసులో ముగ్గురి పేర పుస్తకం తీశాం.
నేను లేసు లెక్కల పుస్తకాన్నే తిరగేశాను.
ఇటు నుంచి పువ్వులు, అటు నుంచి అద్దె.
రెండూ మధ్యలో ఎక్కడో కలుస్తాయి.
ఆ పేజీ వస్తే ఏం రాయాలో
నాకింకా తెలీదు.

బంగారయ్య చివరింటి గోడ మీద
ఇటికముక్కతో నెలకో గీత గీస్తాడు,
కాలవలో గేజీ రాయి మీద ఉన్నట్టు.
రోజూ పొద్దున్నే వచ్చి చూస్తాడు,
రాత్రికి రాత్రి నీరు తీసిందేమో అని.

వేసవిలో కాలవ కట్టేసిన వారమే
మా బోరు మోటారుకి తాళం పడింది.
రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి.
వాళ్లనేమీ అనం, ఒకరికి నెలల పిల్ల.
పుస్తకంలో వాళ్ల పేర్లు కొట్టెయ్యలేదు,
ఎదురుగా గడి ఖాళీగా ఉంచాను.
ట్యాంకరు దగ్గర బిందెలు వరస పెట్టాం.
వరస కోసం ఎవరూ జుట్లు పట్టుకోలేదు.
మా సందులో అది మొదటిసారి.

నోటీసులు పట్టుకుని ఒక కుర్రాడొచ్చాడు.
మీ లీడరెవరండి?
సువార్తమ్మ పీట వేసింది.
మీ ఫండెవరో చూపించు నాయనా,
మా లీడర్ని మేం చూపిస్తాం.
అతను ఫోను చూసుకున్నాడు, నేల చూశాడు,
మంచినీళ్లడిగాడు.
ఇచ్చాం, ట్యాంకరు నీళ్లే.
తాగి, మోటారు తాళం వైపు ఓసారి చూసి,
గ్లాసు బోర్లించి వెళ్లాడు.

నిన్న లైనంతా రంగు వేయించారు.
పదిహేడిళ్లకీ ఒకటే బూడిద రంగు.
ఏడు గీతలూ దాని కిందకి పోయాయి.

ఇవాళ తెల్లారి చూద్దును కదా,
రంగు ఇంకా చేతికంటుతోంది,
ముసలాయన గోడ ముందు గొంతుక్కూర్చుని
కింద నుంచి ఒక్కొక్కటే గీసుకొస్తున్నాడు.
ఏడోది గీసి ఆగి,
అమ్మాయ్, తారీఖెంత అన్నాడు.
అయిదు అన్నాను.
లేచి నిలబడి
ఎనిమిదోది గీశాడు.